47 ఏళ్ల వయసులో ఫిడేలు పట్టాను, కీచుమంటోంది. ఏం చేయమంటారు?

ప్రశ్న: నా వయసు 47. ఫిడేలంటే చిన్నప్పటి నుంచీ ప్రాణం, కానీ నేర్చుకునే వీలు ఇప్పటికి కుదిరింది. ఐదు నెలల కిందట ఒక ఫిడేలు అద్దెకు తెచ్చుకుని, రకరకాల వీడియోలు చూస్తూ సొంతంగా సాధన చేస్తున్నాను. వేళ్లు ఎక్కడ పెట్టాలో తెలియడానికి ఫింగర్ బోర్డు మీద టేపులు అంటించుకున్నాను. నాలుగైదు పాటల వరసలు వేళ్లకు వచ్చాయి. అయితే వాయిస్తే కీచుమంటుంది, లేకపోతే గరగరమంటుంది, ఒక తీగ మీద వాయిస్తుంటే పక్క తీగ కూడా పలుకుతుంది. ఇంట్లోవాళ్లు మాటల్లో ఏమీ అనరు గాని తలుపులు వేసుకుంటున్నారు. ఎడమ బొటనవేలి మొదట్లోనూ, మెడ పక్కనా నొప్పి వస్తోంది. నాకు వయసు మీరిపోయిందా? వాయిద్యం నాసిరకమా? మంచిది కొంటే బాగుపడుతుందా? వచ్చే ఏడాది స్నేహితుల ముందు ఒక్క పాటైనా సరిగ్గా వాయించాలని నా కోరిక.

సమాధానం: వయసు సంగతి ముందుగా తేల్చేద్దాం. మీ ఉత్తరంలో అన్నిటికన్నా పెద్ద భయం అదే, అన్నిటికన్నా చిన్న సమస్యా అదే. కచేరీలు చేసే విద్వాంసులు చాలామంది పసితనంలోనే మొదలుపెట్టినవారన్నది నిజమే గాని, మీరు కోరుకుంటున్నది ఆ స్థాయి కాదు, స్నేహితుల ముందు ఒక పాట. కొత్త కదలిక నేర్చుకునే శక్తి 47 ఏళ్ల చేతికి పుష్కలంగా ఉంటుంది. కాకపోతే పిల్లలకు లేని చిక్కు ఒకటి పెద్దవాళ్లకు ఉంది. పిల్లవాడి చెవీ చేయీ ఇంచుమించు కలిసే ఎదుగుతాయి. మీ చెవి నలభై ఏళ్లుగా మంచి సంగీతం విని ఉంది, చేతికి మాత్రం ఐదు నెలల అనుభవమే. తాను వాయిస్తున్నది ఎంత అధ్వానంగా ఉందో పెద్దవాళ్లకు తెలిసినంత క్షుణ్ణంగా పిల్లలకు తెలియదు. పెద్ద వయసులో మొదలుపెట్టి మానేసేవారిలో ఎక్కువమంది ఈ వినికిడి బాధ తట్టుకోలేకనే మానేస్తారని నా అభిప్రాయం.

ఇక అసలు విషయానికి వస్తే, మీ ఉత్తరంలో ఎడమచేతి ప్రస్తావన అడుగడుగునా ఉంది. టేపులు, వేళ్లు, వరసలు, బొటనవేలు అన్నీ దానివే. కుడిచేతి ఊసే లేదు. ఫిడేలు మీద పలికే స్వరం ఏదన్నది ఎడమచేయి నిర్ణయిస్తుంది. అది నాదంగా వినబడాలా, వట్టి చప్పుడుగా మిగిలిపోవాలా అన్నది కుడిచేతి పని. కీచుమనడం, గరగరమనడం, పక్క తీగ కలిసి పలకడం, ఈ మూడూ కుడిచేత్తో తీగల మీద లాగే కమాను మీద చేయవలసిన ఫిర్యాదులే. కాబట్టి నా సలహా ఇది: వచ్చే రెండు మూడు నెలలు పాటలను పక్కన పెట్టండి, సాధన చేసే సమయంలో సగానికి పైగా, ఎడమచేతి వేలు ఒక్కటి కూడా ఆనించకుండా, వట్టి తీగల మీద కమాను లాగడానికే ఇవ్వండి. ఈ మాట వినగానే చాలామంది నీరసపడిపోతారు. ఐదు నెలల తరువాత మళ్లీ ఓనమాలా అని మీకూ అనిపించవచ్చు. కానీ మీరు ఇంతవరకు ఓనమాలు దిద్దకుండానే పద్యం అందుకున్నారు, అందువల్లనే ఈ అవస్థ.

కమాను ఏం చేస్తుందో తెలిస్తే ఈ సాధన విసుగనిపించదు. కమానుకు కట్టినవి గుర్రపు తోక వెంట్రుకలు. పైన్ చెట్ల బంక నుంచి తయారయ్యే రోజిన్ రాస్తేనే వాటికి పట్టు వస్తుంది. కమాను లాగినప్పుడు వెంట్రుకలు తీగను పట్టుకుని కాస్త దూరం తమతో తీసుకుపోతాయి, తీగ బిగువు వాటి పట్టును మించిన క్షణాన తీగ జారి వెనక్కి వస్తుంది, వెంట్రుకలు మళ్లీ పట్టుకుంటాయి. 440 హెర్ట్జ్‌కు శ్రుతి చేసిన తీగ మీద ఈ పట్టువిడుపులు సెకనుకు 440 సార్లు జరుగుతాయి. 19వ శతాబ్దంలో జర్మన్ శాస్త్రవేత్త హెర్మన్ హెల్మ్‌హోల్ట్జ్ ఈ కదలికను సూక్ష్మదర్శిని సాయంతో గమనించి వివరించాడు. నూనె లేని తలుపు బందు కిర్రుమనడానికి కూడా ఇలాంటి పట్టువిడుపులే కారణం గాని, అక్కడ వాటికి ఒక క్రమం ఉండదు. ఫిడేలు మీద ఆ క్రమం తప్పకుండా చూడడమే కుడిచేతి విద్య అంతా.

క్రమం నిలబడాలంటే మూడు విషయాలు ఒకదానికొకటి సరిపోవాలి. కమాను తీగ మీద మోపే బరువు ఒకటి, కమాను వేగం ఒకటి, బ్రిడ్జికి, అంటే తీగలను ఎత్తి నిలబెట్టే చిన్న చెక్క ముక్కకు, ఎంత దూరంలో కమాను ఆనుతోందన్నది మూడోది. బరువు ఎక్కువై వేగం తక్కువైతే తీగ సమయానికి జారలేక గరగరమంటుంది. బరువు చాలకుండా వేగం ఎక్కువైతే వెంట్రుకలు తీగను పట్టుకోలేక పైపైన జారిపోతాయి, అప్పుడు గాలి ఊదినట్టో ఈల వేసినట్టో సన్నని శబ్దం వస్తుంది. బ్రిడ్జికి దగ్గరగా వాయిస్తే బరువు ఎక్కువ కావాలి, ఫింగర్ బోర్డు వైపు జరిగితే తక్కువ బరువు చాలు. ఇక్కడ మీ ఇంట్లోవాళ్లు వేసుకునే తలుపుల సంగతి కూడా చెప్పాలి. ఎవరైనా వింటారేమోనన్న బెరుకుతో వాయించేవారు తమకు తెలియకుండానే కమానును తేల్చి పట్టుకుంటారు. చప్పుడు తగ్గుతుందని వాళ్ల ఆశ; తీరా జరిగేది తీగకు పట్టు అందక మరింత కీచుమనడం. మీ కీచు చాలావరకు ఈ మొహమాటం తెచ్చిపెట్టిందేనని నా అనుమానం.

దీనికి మందు ఇది. ఒక అద్దం ముందు కూర్చోండి. రెండో తీగ మీద (అన్నిటికన్నా సన్ననిది మొదటిది), బ్రిడ్జికీ ఫింగర్ బోర్డు చివరకూ నడుమ, కమాను మధ్యభాగాన్ని ఆనించండి. లాగవద్దు. భుజం వదులు చేసి, చేతి బరువు చూపుడు వేలి గుండా కమాను కర్ర మీదికి దిగనివ్వండి. ఇప్పుడు కమానును ఒక్క పిసరు అటూ ఇటూ కదిపితే తీగ కూడా వెంట్రుకలతో పాటు పక్కకు వంగాలి, శబ్దం మాత్రం రాకూడదు. వెంట్రుకలు తీగను పట్టుకోవడమంటే ఏమిటో అప్పుడు మీ వేళ్లకు తెలుస్తుంది. ఆ పట్టు చిక్కిన తరువాత ఒక జానెడు మేర కమాను లాగండి, తీగ కదిలిన వెంటనే బరువును కాస్త తేలిక చేయండి. మొదట్లో ఒక స్పష్టమైన అక్షరం పలికినట్టు వినిపించి, ఆ వెనుక నాదం సాగితే మీరు సరిగ్గా చేసినట్టు. ఆగండి, మళ్లీ పట్టు చిక్కించుకోండి, వెనక్కి తోయండి. నాలుగు తీగల మీదా ఇది నిలకడగా వచ్చిన తరువాతనే జానెడును మూరెడు చేయండి, ఆ తరువాతనే కమాను మొదలు నుంచి కొస దాకా లాగండి.

పూర్తి కమాను లాగడం కనిపించినంత సులువు కాదు. కమాను సుమారు 75 సెంటీమీటర్ల పొడవు, 60 గ్రాముల బరువు ఉంటుంది. చేతి పట్టు దగ్గర వాయిస్తున్నప్పుడు ఆ బరువుకు చేతి బరువు కూడా తోడై తీగను నొక్కేస్తుంది. కొస దగ్గరికి వచ్చేసరికి బరువు అందదు. పట్టు దగ్గర ఆ అదనపు బరువును చిటికెన వేలు మోయాలి, కొసన చూపుడు వేలు బరువు కలపాలి. ఇందుకోసమే చిటికెన వేలిని బిగదీయకుండా వంచి కర్ర పైన నిలబెట్టమంటారు, బొటనవేలిని కూడా వంచే ఉంచమంటారు. ఈ రెండు వేళ్లలో ఏది చెక్కలా బిగుసుకున్నా మణికట్టు బిగుసుకుంటుంది, ఆపైన భుజం కూడా. మరొక చిక్కు ఏమిటంటే, చేయి సహజంగా భుజం చుట్టూ వంపు తిరుగుతుంది, కమాను మాత్రం బ్రిడ్జికి సమాంతరంగా తిన్నగా పోవాలి. కమాను సగం దాటిన తరువాత మోచేతిని తెరుస్తూ ముంజేతిని ముందుకు చాచకపోతే అది వంకరపోయి ఫింగర్ బోర్డు మీదికి జారుతుంది. అద్దం ముందు కూర్చోమన్నది అందుకే. వంకర చేతికి తెలియదు, కంటికి తెలుస్తుంది. పక్క తీగ పలకడానికి కారణం మోచేయి ఎత్తు. ప్రతి తీగకూ ఒక ఎత్తు ఉంటుంది, తీగ మారినప్పుడు మణికట్టు ఒక్కటే తిప్పకుండా మోచేతినీ ఆ ఎత్తుకు తీసుకుపోవాలి.

కమాను సంరక్షణ గురించి రెండు మాటలు. వాయించేటప్పుడు కర్రకూ వెంట్రుకలకూ నడుమ, మధ్యభాగంలో, ఒక పెన్సిలు పట్టేంత సందు ఉండేలా మర బిగించండి, ముగించాక తప్పకుండా వదులు చేయండి. వెంట్రుకలను చేత్తో తాకవద్దు, చేతి జిడ్డు అంటిన చోట పట్టు పోతుంది. రోజిన్ అతిగా రాసినా గరగర వస్తుంది. తీగల మీద తెల్లటి పొడి పేరుకుంటుంటే రాసింది ఎక్కువైనట్టే, దాన్ని పొడి గుడ్డతో తుడవండి.

వాయిద్యం నాసిరకమా అన్న ప్రశ్నకు జవాబు తెలుసుకోవడానికి రెండు నిమిషాలు చాలు. బాగా వాయించడం వచ్చినవారి చేతికి మీ ఫిడేలూ కమానూ ఇవ్వండి. వారి చేతిలో నాదం పలికితే దోషం వాయిద్యానిది కాదు. వారికీ ఇబ్బందిగా ఉంటే కొత్తది కొనేముందు పాతదాన్ని సరిచేయించుకోండి. పాతబడిన తీగలు, ముందుకు ఒరిగిన బ్రిడ్జి, ఫింగర్ బోర్డు నుంచి మరీ ఎత్తున ఉన్న తీగలు, ఇవి మంచి వాయిద్యాన్ని కూడా మొండికేయిస్తాయి. తీగలు మార్చేటప్పుడు ఒకదాని తరువాత ఒకటిగా మార్చాలి, నాలుగూ ఒకేసారి వదులు చేయకూడదు. బ్రిడ్జి నిలబడేది తీగల ఒత్తిడి వల్లనే. లోపల పై చెక్కకూ కింది చెక్కకూ మధ్య ఉండే చిన్న కర్రను కూడా జిగురుతో అంటించరు; ఆ ఒత్తిడి పోతే అది కూడా పడిపోవచ్చు. పడితే నేర్పరి చేత మళ్లీ నిలబెట్టించాలి.

నొప్పి మాటకు వద్దాం. మీరు రకరకాల వీడియోలు చూశానన్నారు. నా సందేహం అక్కడే ఉంది. కర్ణాటక పద్ధతిలో నేల మీద కూర్చుని, ఫిడేలు వెనుక భాగాన్ని ఎడమ ఛాతీకి ఆనించి, తల భాగాన్ని కుడి పాదం మీద మోపుతారు. వాయిద్యం బరువు శరీరమే మోస్తుంది కనుక గమకాల కోసం, అంటే స్వరాన్ని ఊపడానికీ జార్చడానికీ, ఎడమచేయి తీగ వెంట పైకీ కిందికీ స్వేచ్ఛగా జారగలుగుతుంది. పాశ్చాత్య పద్ధతిలో నిలబడో కుర్చీలో కూర్చునో ఫిడేలును మెడ కింది ఎముక మీద పెట్టి, చిన్ రెస్టు మీద దవడను ఆనిస్తారు. ఆ చిన్ రెస్టును 1820 ప్రాంతంలో జర్మన్ విద్వాంసుడు లూయీ ష్పోర్ ప్రవేశపెట్టాడు. అంతకుముందు పట్టే తీరు వేరుగా ఉండేది, జానపద సంగీతంలో నేటికీ ఛాతీకి ఆనించి వాయించేవారున్నారు. ఫలానాదే సరైన పద్ధతి అని ఎవరూ తీర్పు చెప్పలేరు, అయితే రెండింటినీ కలిపితే మాత్రం చేయి చెడుతుంది. నిలబడి, పాశ్చాత్య పద్ధతిలో పట్టుకుని, కర్ణాటక పద్ధతి చూసి వేళ్లు జార్చాలని ప్రయత్నిస్తే ఫిడేలు జారిపోతుంది, దాన్ని ఆపడానికి బొటనవేలు నొక్కుతుంది, దవడ నొక్కుతుంది. మీకు నొప్పి వస్తున్న రెండు చోట్లూ సరిగ్గా అవే. శ్రుతి చేయడమూ రెండింటిలో ఒకటి కాదు: కర్ణాటక పద్ధతిలో తీగలు షడ్జ పంచమాలుగా, అంటే స, ప, స, ప అని ఉంటాయి, పాశ్చాత్య పద్ధతిలో నాలుగు తీగలూ ఒకదానికొకటి పంచమం దూరంలో, అంటే స నుంచి ప వరకు ఉండేంత ఎడంలో ఉంటాయి. ఒక పద్ధతి వీడియో చూసి రెండో పద్ధతిలో శ్రుతి చేసిన ఫిడేలు మీద వేళ్లు పెడితే వరస ఎలా కుదురుతుంది? మీకు ఏ సంగీతం వినడం ఇష్టమో దాని పద్ధతినే ఎంచుకుని, రెండోదాన్ని కనీసం ఒక ఏడాది పాటు వినడానికి మాత్రమే ఉంచుకోండి.

తీగను వేళ్లు ఎంత నొక్కితే బొటనవేలు అంత ఎదురు నొక్కుతుంది కనుక, దాని విషయంలో ఒక పరీక్ష ఉంది. ఏదైనా ఒక స్వరం వాయిస్తూ, తీగను నొక్కుతున్న వేలిని క్రమంగా తేలిక చేస్తూ పోండి, ఒకచోట నాదం మసకబారి గీరుమంటుంది. అక్కడి నుంచి ఒక పిసరు బరువు పెంచితే మళ్లీ తేటపడుతుంది. అంత బరువు చాలు. మీరు ఇప్పుడు నొక్కుతున్నది దానికి ఎన్ని రెట్లో తెలిస్తే మీకే ఆశ్చర్యం వేస్తుంది. పద్ధతి మార్చి, పట్టు వదులు చేసి, కొన్నాళ్లు ఆగినా నొప్పి తగ్గకపోతే, లేదా వేళ్లలో తిమ్మిరి కనిపిస్తే, వైద్యుడికి చూపించాలి. నొప్పిని ఓర్చుకుంటూ సాధన చేయడంలో ఏ ఘనతా లేదు.

టేపులు ఇప్పుడే పీకేయమని నేను అనను. వీణకు ఉన్నట్టు ఫిడేలుకు మెట్లు లేవు కాబట్టి మొదట్లో ఒక ఆనవాలు ఉండడం మంచిదే. అయితే మెడ వంచి టేపుల వైపు చూస్తూ వాయించే అలవాటు నాటుకోకూడదు. కింది స్వరాల దగ్గర వేలు ఒక్క మిల్లీమీటరు జరిగితే అర్ధస్వరంలో (పక్కపక్కనే ఉన్న రెండు స్వరస్థానాల మధ్య దూరంలో) ఇంచుమించు పదిహేడో వంతు తేడా వస్తుంది, మూడు మిల్లీమీటర్లు జరిగితే శ్రుతిజ్ఞానం ఉన్న ఎవరికైనా పట్టుబడుతుంది. టేపు వెడల్పే అంత ఉంటుందని గుర్తుంచుకోండి. టేపు కన్నా నమ్మకమైన సాక్షి వాయిద్యంలోనే ఉంది. అన్నిటికన్నా సన్ననిదైన మొదటి తీగ మీద, పై చివర నుంచి తీగ పొడవులో నాలుగో వంతు దగ్గర, అంటే సుమారు 8 సెంటీమీటర్ల దూరంలో, మూడో వేలు పెట్టి వాయించండి. అక్కడ పలికేది రెండో తీగ స్వరానికి సరిగ్గా పై స్థాయి స్వరం. మీరు రెండు పద్ధతులలో దేనిలో శ్రుతి చేసినా ఈ మాట చెల్లుతుంది. వేలు సరైన చోట పడితే, మీరు ముట్టుకోని ఆ రెండో తీగ తనంతట తానే కంపిస్తుంది. కాగితం ముక్కను చిన్నగా మడిచి దాని మీద వేలాడదీస్తే అది వణకడం కంటికే కనిపిస్తుంది. వేలు కొద్దిగా తప్పితే కాగితం కదలదు, నాదం కూడా మూగబోయినట్టు ఉంటుంది. ఆ మోగడాన్ని చెవి గుర్తుపట్టిన తరువాత టేపుల అవసరం దానంతటదే తీరిపోతుంది.

సాధన రోజూ ఉండాలి, కొద్దిగా ఉండాలి. ఆదివారం మూడు గంటలు కూర్చోవడం కన్నా రోజుకు 20 నిమిషాలు రెండు విడతలుగా చేయడం మేలు. అలసిన చేయి తప్పు కదలికనే నేర్చుకుంటుంది కనుక బిగుసుకుపోతున్నానని అనిపించగానే ఆపేయండి. ఇంట్లోవాళ్లకు ఇబ్బంది లేకుండా బ్రిడ్జికి తగిలించి శబ్దం తగ్గించే రబ్బరు మ్యూట్ వాడవచ్చు గాని, రోజులో సగమైనా అది లేకుండా వాయించాలి, లేకపోతే కమాను చేసే తప్పులు మీకు వినబడవు. వారానికి ఒకసారి ఫోన్‌ను గదిలో ఆ మూలన పెట్టి రికార్డు చేసుకోండి. చెవికి జానెడు దూరంలో ఫిడేలు గీరుడు చాలా పెద్దగా వినిపిస్తుంది, గది అవతల ఉన్నవారికి అందులో కొంతే చేరుతుంది. మీరు అనుకున్నంత ఘోరంగా లేదని తెలియడం కూడా సాధనకు బలమే.

గురువు దగ్గరికి వెళ్లాలా అని మీరు అడగలేదు. అయినా చెబుతున్నాను, వెళ్లాలి. వీడియోను మీరు చూడగలరు గాని వీడియో మిమ్మల్ని చూడలేదు. మీ మోచేయి ఎత్తు, చిటికెన వేలి బిగువు పక్కన కూర్చున్న మనిషి ఒక్క చూపులో పట్టుకుని చేత్తో సరిచేస్తారు. నెలకు రెండు పాఠాలైనా సరే, మొదటి ఆరు నెలలు మాత్రం తప్పనిసరి. పెద్దవాళ్లకు నేర్పే ఓపిక ఉన్నవారేనా అని ముందే కనుక్కోండి, ఎందుకంటే పిల్లలకు అద్భుతంగా నేర్పేవారు కొందరు పెద్దవాళ్ల ప్రశ్నలకు విసుక్కుంటారు. అంతవరకు కొత్త ఫిడేలు కొనవద్దు, అద్దెదే కొనసాగించండి. నాదంలో తేడా గుర్తుపట్టగల చేయి వచ్చిన తరువాతనే ఎంపిక అర్థవంతంగా ఉంటుంది. కొనే రోజున కమానును విడిగా పరీక్షించి ఎంచుకోండి. ఫిడేలుకు డబ్బు పోసి, దానితో పాటు ఊరికే వచ్చిన కమానుతో సరిపెట్టుకునేవారు ఎక్కువ.

వచ్చే ఏడాది మీరు వాయించబోయే పాట విషయంలో ఒక జాగ్రత్త చెప్పాలి. కొత్తవాళ్లు తేలికగా ఉంటుందనుకుని నిదానంగా సాగే పాటను ఎంచుకుంటారు. ఎడమచేతికి అది తేలికే, కమానుకు మాత్రం అంత కష్టమైనది మరొకటి లేదు. ఒకే స్వరాన్ని నాలుగైదు సెకన్లు వణుకు లేకుండా నిలపడం, అదీ నలుగురి ముందు, ఏళ్ల సాధన మీద వచ్చే పని. మధ్యలయలో నడిచేది, స్వరానికో కమాను చొప్పున సరిపోయేది, ఆరేడు స్వరాల పరిధి దాటనిది, రెండు తీగల మీదే పూర్తయ్యేది చూసుకోండి. ముఖ్యమైన చోట్ల వట్టి తీగలు పలికేలా శ్రుతి ఎంచుకోమని మీ గురువును అడగండి, ఆ స్వరాలైనా తప్పిపోకుండా ఉంటాయి. పాట ఎంపిక మూడు నెలల తరువాత చేయవచ్చు. ఈలోగా కచేరీ అంతా రెండో తీగ మీదే, జానెడు కమానుతో.